రాక్షసుడి సైజు కాదు, రౌండ్‌కు పడే దెబ్బలు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

టేబుల్ చుట్టూ కూర్చొని ఆడే కథల ఆటల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారని, 1974లో వచ్చిందని రాశారు, సంతోషం. కానీ మా నల్గొండలో ఈ ఆట మొదలుపెట్టిన పిల్లలు కొన్ని వారాలకే ఎందుకు మానేస్తున్నారో అందులో లేదు. నేను చూసినంతలో కారణం ఒకటే. మొదటి ఫైట్‌లోనే పార్టీ, అంటే ఆటగాళ్లు నడిపే వీరుల జట్టు, మొత్తం చచ్చిపోతుంది, లేదంటే ఎంతో బిల్డప్ ఇచ్చిన రాక్షసుడు వచ్చీ రాగానే పడిపోతాడు, ఎవరికీ మజా రాదు. తప్పు ఆటది కాదు, పిల్లలదీ కాదు. కథ చెబుతూ, రాక్షసుల తరఫున ఆడుతూ ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్) ఫైట్ తయారుచేసే పద్ధతిలో ఉంది.

కొత్త డీఎంలు పుస్తకం తెరిచి రాక్షసుడి కింద రాసిన సీఆర్ (ఛాలెంజ్ రేటింగ్, వాడు ఎంత గట్టివాడో చెప్పేది) అంకె ఒక్కటే చూస్తారు. సీఆర్ 2 అంటే రెండో లెవెల్‌లో ఉన్న నలుగురికి సరిపోతాడని అర్థం. పనికిరాని అంకె అనను, కానీ దాంతో సగం సంగతే తెలుస్తుంది. 2014లో వచ్చిన ఈ ఆట నియమాల పుస్తకాల లెక్కలే తీసుకోండి. ఒక్క ఓగర్‌కు (భారీ రాక్షసి) 59 హెచ్‌పీ (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో చెప్పే అంకె), 450 ఎక్స్‌పీ (దాన్ని ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు). ఎనిమిది గాబ్లిన్లకు (పొట్టి రాక్షసులు) కలిపి 56 హెచ్‌పీ, 400 ఎక్స్‌పీ. కాగితం మీద చూస్తే ఓగరే కాస్త పెద్దది. ఇప్పుడు ఏసీ (కవచం అంకె, ఎక్కువైతే దెబ్బ తగలడం కష్టం) 15 ఉన్న వీరుడి మీదికి పంపి చూడండి. ఓగర్ రౌండ్‌కు (అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టు) ఒక్కసారే దుడ్డుకర్ర ఎత్తుతుంది, తగిలే అవకాశం నూటికి 60, తగిలితే సగటున 13 హెచ్‌పీ పోతాయి, అంటే రౌండ్‌కు 8 కూడా రాదు. గాబ్లిన్లు ఎనిమిదీ కొడితే సగం దెబ్బలు తగులుతాయి, దెబ్బకు ఐదున్నర చొప్పున 22. దాదాపు మూడు రెట్లు! గాబ్లిన్లు చస్తున్నకొద్దీ ఇది తగ్గిపోతుంది, నిజమే, కానీ అవన్నీ కలిసి మాంత్రికుడి మీద పడితే తగ్గేలోపే వాడు నేల మీద ఉంటాడు.

మన ఊళ్లలో అరుగుల మీద గీసుకొని పులి-మేక ఆడినవాళ్లకు ఇది కొత్త కాదు. మూడు పులులు, పదిహేను మేకలు, మేక ఎవర్నీ చంపలేదు, అయినా గుంపుగా జరిగి పులిని కట్టేస్తుంది.

అందుకే 2014 పుస్తకంలో ఏడు నుంచి పది మంది శత్రువులుంటే ఎక్స్‌పీని రెండున్నరతో గుణించి ఫైట్ ఎంత కష్టమో చూడమన్నారు. మన గాబ్లిన్ల 400 అప్పుడు 1000 అవుతుంది, మూడో లెవెల్ నలుగురికి అది గట్టి ఫైట్. ఓగర్ మాత్రం అదే పార్టీకి తేలిక. 2024 పుస్తకంలో ఈ గుణకారం తీసేశారు. లెక్క సులువైంది కానీ, కొత్తగా నడిపేవాళ్లు పాత గుణకారాన్నే పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇక లెవెల్ సంగతి సరేసరి, 8 హెచ్‌పీ ఉన్న ఫస్ట్ లెవెల్ మాంత్రికుడు ఓగర్ చేతిలో ఒక్క దెబ్బకే పడిపోతాడు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. 2014 లెక్కల ప్రకారం పార్టీ ఒక రోజులో, అంటే రాత్రి నిద్రపోయి మంత్రాలన్నీ తిరిగి తెచ్చుకునేలోపు, ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు చేయగలదు. మనం ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే ఒకటో రెండో అవుతాయి, సాయంత్రం ఎవరో ఒకరికి బస్సు టైమ్ అవుతుంది. రేపటికి దాచుకోవాల్సిన పని లేదని మాంత్రికుడు ఉన్నవన్నీ ఒకే ఫైట్‌లో కుమ్మరిస్తాడు, రాక్షసుడు పడిపోతాడు, డీఎం మళ్లీ వారం కోపంగా మూడింతల రాక్షసుల్ని తెస్తాడు, అందరూ చస్తారు. ఆ వారం ఆపిన చోటు నుంచే మళ్లీ వారం మొదలుపెట్టండి, మధ్యలో నిద్ర ఇవ్వకండి, చాలావరకు అదే సర్దుకుంటుంది.

చోటు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా దేవరకొండ కోట లాంటి చోట కథ పెట్టి, ఇరుకు ద్వారంలో ఇద్దరు వీరులు అడ్డంగా నిలబడితే ఎనిమిది గాబ్లిన్లలో ఇద్దరే కత్తి దూయగలరు, మిగతావాళ్లు బాణాలు వేయాలి లేదా ఇంకో దారి వెతకాలి. అదే గాబ్లిన్లు బురుజు మీద ఉండి పార్టీ కింద మైదానంలో ఉంటే ఫైట్ పూర్తిగా వేరు.

డీఎంలను ఒక్కటి బతిమాలుతున్నాను, ఫైట్ తలకిందులైతే మీ ముందు పెట్టుకునే తెర వెనక డైస్ (పాచికలు) మీద పడిన అంకెలు మార్చకండి. పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు పసిగడతారు, ఆ తర్వాత గెలిచినా వాళ్లకు గెలిచినట్టు ఉండదు. దాని బదులు ముందే ఏర్పాటు చేసుకోండి. తలుపు అవతల నలుగురు గాబ్లిన్లు ఆగి ఉన్నారనుకోండి, అవసరమైతేనే వస్తారు. నాయకుడు చస్తే మిగతావాళ్లు పారిపోతారు. పార్టీకి కూడా పారిపోయే దారి ఒకటి ఉండాలి, అది ఫైట్ మొదలుకాకముందే వాళ్లకు కనబడాలి.

ఈ ఆట మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు, మూలాన్ని పేర్కొంటే ఎవరైనా తెలుగులోకి తేవచ్చు. మీ పిల్లల పేజీలో వారానికి కొంచెం చొప్పున వేయండి. గాబ్లిన్, ఓగర్ వివరాలతోనే మొదలుపెట్టవచ్చు, రెండూ అందులో ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్గొండ