వైరు పీకి చూడకుండా ‘డ్రైవర్ పనిచేస్తోంది’ అనొద్దు

సంపాదకులకు నమస్కారం.

గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంజనీరింగ్ పిల్లలకి చివరి ఏడాదిలో బాగా నచ్చే ప్రాజెక్టు ఒకటుంది. నది నీటిమట్టం కొలిచే పెట్టె. ఎందుకో చెప్పనక్కర్లేదు. వంశధార కలహండి కొండల్లో పుట్టి, గుణుపూర్, కాశీనగర్ దాటి గొట్టా బ్యారేజీకి దిగుతుంది. ఎగువ మట్టం ఒక గంట ముందు తెలిసినా హిరమండలం వైపు వాళ్లకి అక్కరకొస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కల్లా, ల్యాబ్ బల్ల మీద చక్కగా నడిచిన పెట్టె వంతెన మీద బిగించాక నాలుగు రోజులకే మూగబోవడం. నెపం సెన్సర్ మీదికి నెట్టేస్తారు, చవక సరుకని. చూడవలసింది ముందు డ్రైవర్ని, అంటే సెన్సర్‌తో మాట్లాడే ప్రోగ్రాము ముక్కని.

ఈ పెట్టెల్లో మామూలుగా ఎస్‌టీఎం32 గానీ ఈఎస్‌పీ32 గానీ, అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్, ఉంటుంది. దాని మీద ఫ్రీఆర్‌టీఓఎస్, పనుల్ని (టాస్కుల్ని) వంతులవారీగా నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఆర్ఎస్-485 తీగల మీద మోడ్‌బస్ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో మాట్లాడే సెన్సర్. ఆర్ఎస్-485లో చెప్పడానికీ వినడానికీ ఒకటే జత తీగలు. చెప్పేముందు తీగకి అనుసంధానించే ట్రాన్స్‌సీవర్ చిప్‌లో, పంపడానికి అనుమతిచ్చే డీఈ పిన్ను పైకెత్తాలి, చెప్పాక దించాలి. ఎప్పుడు దించాలన్న దగ్గరే సగంమంది పడిపోతారు. బైట్లని తీగ మీదికి పంపే సీరియల్ పోర్టులో రెండు జెండాలు, అంటే స్థితి చెప్పే బిట్లు, ఉంటాయి. టీఎక్స్ఈ అంటే ‘ఇంకో బైటు పెట్టుకో, చోటుంది’ అని మాత్రమే. అప్పటికి చివరి బైటు షిఫ్ట్ రిజిస్టర్లోనే ఉంటుంది, ఒక్కో బిట్టూ అప్పుడే బయల్దేరుతుంటుంది. ఆఖరి స్టాప్ బిట్ కూడా బయటికి వెళ్లిపోయిందని చెప్పేది టీసీ. బాడ్ రేటు, అంటే సెకనుకి పోయే బిట్లు, 9600 అయితే, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకి 10 బిట్లు, అంటే సుమారు 1.04 మిల్లీసెకన్లు. టీఎక్స్ఈ చూసి డీఈ దించేశామా, ఆ చివరి బైటు మొత్తం గాల్లో కలిసిపోతుంది.

మోడ్‌బస్‌లో మట్టం అడిగే సందేశం 8 బైట్లు. ఆఖరిది సీఆర్‌సీలో, అంటే సందేశం చెడలేదని సరిచూసే అంకెలో, పై సగం. అది తెగితే సీఆర్‌సీ కలవదు. కలవని సందేశానికి సెన్సర్ నోరు మెదపకూడదన్నది మోడ్‌బస్ నియమం, తప్పు అడిగావనైనా చెప్పదు. ఇవతల మనకి కనబడేది ‘జవాబు లేదు’ అన్న ఒక్క ముక్కే. ఏమైందో చూద్దామని డీఈ దించే ముందు ఒక ప్రింట్ లైను పెడతారు. ఆ ప్రింటుకి పట్టే కొద్ది మిల్లీసెకన్లలో చివరి బైటు బయటపడిపోతుంది, జవాబు వచ్చేస్తుంది! ప్రింటు తీసేస్తే మళ్లీ మొదటికి. దెయ్యం పట్టిందనుకునేది ఇక్కడే. తీగల ఎత్తుపల్లాలని కాలంతో పాటు గీసి చూపే 8 చానెళ్ల చవక లాజిక్ అనలైజర్ తెచ్చి ఒక చానెల్ పంపే పిన్ను టీఎక్స్‌కి, ఒకటి డీఈకి తగిలిస్తే ఏది ముందు పడిపోతోందో కంటికే కనబడుతుంది. డీఈని టీసీ ఇంటరప్ట్‌లోనే, అంటే టీసీ లేవగానే నడుస్తున్న పనిని ఆపి పరిగెత్తే ముక్కలోనే, దించాలి. ఎస్‌టీఎం32లో జీ0, ఎల్4, హెచ్7 వరసల్లో ఆ పని సీరియల్ పోర్టే చేసుకుంటుంది. పిల్లల చేతుల్లో ఎక్కువగా కనబడే ఎఫ్1, ఎఫ్4లలో ఆ సదుపాయం లేదు. ఇంకొకటి, రీసెట్ అయిన క్షణంలో పిన్ను గాల్లో వేలాడుతుంది కాబట్టి డీఈ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. లేకపోతే పెట్టె మేలుకునేలోపే తీగని ఆక్రమించేసే ప్రమాదం ఉంది.

రెండు సందేశాల మధ్య మూడున్నర బైట్ల మౌనం ఉండాలి, 9600 దగ్గర సుమారు 3.65 మిల్లీసెకన్లు. అందుకని 5 మిల్లీసెకన్ల డిలే రాస్తారు. ఈఎస్‌పీ32 వాళ్ల ఐడీఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ సరంజామాలో టిక్కు (ఆపరేటింగ్ సిస్టమ్ గడియారం కొట్టే దెబ్బ) మామూలుగా సెకనుకి 100 సార్లే, అంటే 10 మిల్లీసెకన్లకి ఒకటి. 5 మిల్లీసెకన్లని టిక్కుల్లోకి మారిస్తే పూర్ణాంకాల భాగహారంలో సున్నా వస్తుంది. ఆగమన్న చోట అసలు ఆగదన్నమాట. ఈ మౌనాన్ని హార్డ్‌వేర్ టైమర్‌తో కొలవాలి.

ఇంటరప్ట్ ప్రయారిటీల గొడవ మరోరకం. ఎస్‌టీఎం32 లోపలి ప్రాసెసర్ కార్టెక్స్-ఎమ్‌లో అంకె చిన్నదైతే ప్రయారిటీ పెద్దది. ఫ్రీఆర్‌టీఓఎస్ టాస్కుల్లో అంకె పెద్దదైతేనే పెద్దది. ఒకే ప్రోగ్రాములో రెండు లెక్కలు ఎదురెదురు. ఎస్‌టీఎం32 ఎఫ్1, ఎఫ్4లలో 0 నుంచి 15 దాకా 16 మెట్లు. కెర్నెల్ (ఫ్రీఆర్‌టీఓఎస్ అసలు గుండె) హద్దుని సాధారణంగా 5 దగ్గర పెడతారు. 0 నుంచి 4 వరకు ఉన్న ఇంటరప్ట్‌లు కెర్నెల్ ఫంక్షన్ని ముట్టుకోకూడదు. 5, ఆపైన ఉన్నవి కూడా ‘ఫ్రమ్ ఐఎస్ఆర్’ అనే తోక ఉన్నవాటినే పిలవాలి. ఏమీ అమర్చకుండా వదిలేస్తే రీసెట్ తర్వాత ప్రతి ఇంటరప్టూ 0లోనే ఉంటుంది. అలాంటి ఇంటరప్ట్ నుంచి సెమాఫోర్ (టాస్కుని లేపే సైగ) ఇస్తే, తప్పు పట్టుకునే కాన్ఫిగ్ అసర్ట్ పెట్టుకున్నవాడికి అక్కడికక్కడే ఆగి తెలుస్తుంది. పెట్టుకోనివాడి పెట్టె కొన్నాళ్లు నడిచి, కెర్నెల్ జాబితాలు చెడిపోయి, కారణం అంతుచిక్కని చోట కూలుతుంది.

మెరుపుల కాలంలో తీగ మీద చెత్త బైట్లు వస్తాయి. ఓవర్‌రన్ లోపం (ముందు బైటు తీసుకోకముందే ఇంకోటి రావడం) వస్తే ఎస్‌టీఎం32 తయారీదారు ఎస్‌టీ వాళ్ల హాల్ లైబ్రరీ స్వీకరించడం ఆపేస్తుంది. లోపం వచ్చినప్పుడు అది పిలిచే ఎర్రర్ కాల్‌బ్యాక్‌లో మళ్లీ మొదలుపెట్టకపోతే ఆ పోర్టు ఇక శాశ్వతంగా చెవిటిదే. బల్ల మీద మెరుపులుండవు కాబట్టి ఈ లోపం బయటపడదు.

దీనికి తోడు, జవాబు కోసం ఎదురుచూసే చోట ‘పోర్ట్ మ్యాక్స్ డిలే’ రాసేస్తారు, వచ్చేదాకా కూర్చో అని. వంతెన మీద ఎలుక తీగ కొరికిన రోజు ఆ టాస్కు కూర్చున్నది కూర్చున్నట్టే ఉంటుంది. ఒక రిజిస్టర్ (సెన్సర్‌లో విలువ ఉండే గడి) జవాబు 7 బైట్లు, తీగ మీద 7.3 మిల్లీసెకన్లు. దానికి సెన్సర్ తీసుకునే సమయం డేటాషీట్‌లో చూసి కలిపి, కాస్త వెసులుబాటుతో గడువు పెట్టాలి. మూడుసార్లు అడిగినా పలకకపోతే లోపం కోడ్‌తో వెనక్కి రావాలి. వాచ్‌డాగ్ ఉందిగా అంటారు, వేళకి తినిపించకపోతే పెట్టెని రీసెట్ చేసే టైమర్. దాన్ని టైమర్ ఇంటరప్ట్‌లో తినిపిస్తే టాస్కులన్నీ చచ్చిపడున్నా ఇంటరప్ట్ మాత్రం టంచనుగా తినిపిస్తూనే ఉంటుంది, కాపలా కుక్కకి దొంగే ముద్ద పెట్టినట్టు. ప్రతి టాస్కూ నడుస్తున్నానని తన బిట్ తాను పెట్టాలి, అన్ని బిట్లూ కనబడ్డాకే వాచ్‌డాగ్‌కి తిండి.

స్టాక్, అంటే ఒక్కో టాస్కుకి కేటాయించే పని మెమరీ, గురించి ఒక్క మాట. మామూలు ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్క్ స్టాక్ లెక్క వర్డుల్లో (ఈ చిప్పుల్లో వర్డంటే 4 బైట్లు), ఈఎస్‌పీ32 ఐడీఎఫ్‌లో బైట్లలో. ఒకచోట 256 అంటే 1024 బైట్లు, ఇంకోచోట ఉత్త 256. కాపీ కొట్టేవాళ్లు ఇదైనా చూసుకోవాలి.

వైవాకి వచ్చే బయటి పరీక్షకులకి మా విన్నపం. స్క్రీను మీద అంకె కనబడిందని మార్కులు వేయకండి. పెట్టె నడుస్తుండగా సెన్సర్ జత తీగల్లో ‘A’ అని రాసున్నదాన్ని పీకండి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. రీసెట్ నొక్కకుండా రీడింగు దానంతటదే తిరిగి రావాలి. పీకి ఉంచిన ఆ నిమిషంలో స్క్రీను ఏం చూపిస్తోందో కూడా చూడండి. లోపం వచ్చినప్పుడు డ్రైవర్ సున్నా పంపితే నది ఎండిందని అర్థం, సున్నా కూడా ఒక మట్టమే కదా. చివరి విలువనే పంపుతూ ఉంటే ఇంకా ప్రమాదం, మధ్యాహ్నం 2 గంటల నాటి మట్టం రాత్రి 11కి కూడా కొత్తదిలా మెరుస్తుంటుంది. డ్రైవర్ విలువని వేరుగా, లోపాన్ని వేరుగా, చదివిన సమయాన్ని వేరుగా ఇవ్వాలి. వరసగా మూడు రీడింగులు తప్పితే స్క్రీను మీద అంకె పోయి ‘సెన్సర్ పలకడం లేదు’ అని పడాలి.

– ఎంబెడెడ్ ల్యాబ్ బోధకులు, గుణుపూర్, రాయగడ జిల్లా