లోను కార్డు మాకు చదవొచ్చే భాషలో ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలను జిల్లా నుంచి పంపేయాలని పర్లాకిమిడిలో కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. జీడిపిక్కలు కొని పప్పు తీసి అమ్ముకునే మాలాంటి ఆడవాళ్లకి తాకట్టు లేకుండా అప్పు ఇంకెక్కడ పుడుతుంది? ఊళ్లో తెస్తే నూటికి నెలకి మూడో, ఐదో రూపాయలు. ఒడిశా ప్రభుత్వ పథకం మిషన్ శక్తి కింద ఉన్న మహిళా సంఘం ద్వారా, వేళకి కడితే వడ్డీ లేని అప్పు వస్తుంది, కాదనను. కానీ అది సంఘానికి వచ్చే డబ్బు. సభ్యులందరం పంచుకున్నాక సొంతంగా వ్యాపారం చేసుకునే మనిషికి మిగిలేది ఎంత?

నా గొడవ వేరే. పిక్కలు వచ్చేది ఎండాకాలంలో. అప్పుడు కొని ఎండబెట్టాలి, కాల్చాలి, కొట్టాలి, పొట్టు తీయాలి. పప్పు అమ్ముడై డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది. కిస్తీ మాత్రం లోను వచ్చిన మరుసటి వారం నుంచే! సరుకు ఇంట్లో ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు. అప్పుడు ఆ కిస్తీ కట్టడానికి రెండో కంపెనీ దగ్గరికి వెళ్తారు. పెద్దవాళ్లు దాన్ని దుబారా అంటారు. దుబారా కాదండీ, లెక్క కుదరక.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుకి, వాయిదాలు వారానికా నెలకా అన్నది తీసుకునేవారి అవసరాన్ని బట్టి ఉండాలి. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే కట్టేస్తే జరిమానా లేదు. ఆలస్యమైతే, ఆగిన కిస్తీ మీదే జరిమానా, మొత్తం అప్పు మీద కాదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు. ఒప్పందం, అప్పు వివరాలు రాసిచ్చే లోను కార్డు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఈ చివరిది ఇక్కడ జరగడం లేదు. మాకిచ్చే కార్డులు ఒడియాలో, లేదంటే ఇంగ్లీషులో. సంతలో మేం ఒడియా గడగడా మాట్లాడతాం, చదవడం రాదు. మా చుట్టాలంతా మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో ఉన్నారు, మా చదువూ తెలుగే. కార్డులో ఇన్సూరెన్స్ పేరుతో ఎంత పట్టుకున్నారో మా వాడలో ఒకామెకి కొడుకు చదివి చెప్పేదాకా తెలియలేదు. వారం కిస్తీ బదులు నెల కిస్తీ అడగొచ్చన్న సంగతి కూడా మాకెవరూ చెప్పలేదు. అడిగితే కంపెనీ సారు "రూలు లేదమ్మా" అన్నారు.

జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో కలెక్టరు గారు ఈ ఒక్క విషయం కంపెనీలను నిలదీయాలి: తెలుగు మాత్రమే చదవగలిగేవారికి తెలుగు కార్డు ఇస్తున్నారా, లేదా? ఈలోగా మీరు ఆ నిబంధనలను సులువైన తెలుగులో జిల్లా పేజీలో అచ్చువేయండి. కత్తిరించి, కిస్తీలు కట్టే సెంటర్ మీటింగుకి పట్టుకెళ్తాం.

ఇట్లు,
జీడిపప్పు వ్యాపారం చేసుకునే ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా