అడవికి మోసుకెళ్లిన చెత్త మనతోనే తిరిగి రావాలి

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

రెండు రోజులు సెలవు దొరికితే చాలు, టెంట్లు కట్టుకొని నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డుకో, కొల్లాపూర్ దగ్గరి సోమశిల తీరానికో, నల్లమల అంచు ఊళ్లకో వెళ్లి రాత్రి బస చేసి వచ్చే అలవాటు మన ప్రాంతంలో బాగా పెరిగింది. దేవరకొండ అవతలి వైజాగ్ కాలనీ పేరు ఒకప్పుడు చుట్టుపక్కల మండలాలవారికి తప్ప పెద్దగా తెలియదు; ఇప్పుడు శనివారం సాయంత్రమైతే అక్కడికి హైదరాబాద్ కార్లు వరుస కడుతున్నాయి. పిల్లలు నీటి ఒడ్డున నిద్ర లేవడం, కట్టెల పొయ్యి మీద వండుకొని తినడం, ఊరి దీపాలు లేని ఆకాశాన్ని చూడడం మంచి అనుభవాలే, వాటిని ఎవరూ కాదనరు. అయితే ఆదివారం మధ్యాహ్నం టెంట్లు లేచిపోయాక ఆ ఒడ్డున ఏం మిగులుతున్నదో, అది మిగలకుండా ఉండాలంటే వెళ్లేవారు ఏం చేయాలో మీ పత్రిక ద్వారా తోటి పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

చెత్త వదిలి వచ్చేవారందరూ నిర్లక్ష్యపరులని నేను అనను. చాలామంది దాన్ని ఒకచోట పోగు చేస్తారు, గుంట తీసి పూడుస్తారు, లేదంటే నిప్పు పెడతారు. చెత్తబండి రాని చోట ఇంతకంటే చేయగలిగిందేమీ లేదని మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఆ నమ్మకమే పొరపాటు. బండి రాని చోటికి వెళ్తున్నామంటే మన చెత్తను మనమే భద్రంగా దాచుకొని, మనమే వెనక్కి మోసుకు రావాలి.

ముందుగా పూడ్చడం సంగతి. సాగర్ జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండలు ముదిరి నీరు వెనక్కి తగ్గినకొద్దీ ఒడ్డు పొడవునా విశాలమైన నేల బయటపడుతుంది. చదునుగా, గాలికి బాగుంటుందని టెంట్లు వేసేది ఎక్కువగా ఆ నేల మీదే. అక్కడ తవ్విన గుంట వానకాలం దాకా నేలలో ఉంటుంది. ఎగువన శ్రీశైలం గేట్లు ఎత్తి సాగర్ నిండడం మొదలయ్యాక ఆ గుంట నీటి కిందికి పోతుంది, అలల తాకిడికి పై మట్టి కరిగిపోతుంది, లోపలి కవర్లూ ఖాళీ సీసాలూ తేలి నీళ్లలో కలుస్తాయి. అంటే సాగర్ ఒడ్డున పూడ్చినా, నేరుగా నీళ్లలో విసిరినా తేడా కొన్ని నెలలే. ఇదే జలాశయం ఒడ్డున ఉన్న పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి జలాశయానికి చేరి, అక్కడి నుంచి నల్లగొండ పల్లెలకూ హైదరాబాద్ నగరానికీ తాగునీరుగా వెళ్తున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంకరపోయిన జిల్లా మనది. కృష్ణా నీళ్ల కోసం ఎంత కొట్లాడామో తెలిసినవాళ్లం. ఆ నీళ్ల ఒడ్డునే పిల్లల డైపర్లు పూడ్చిపెట్టి రావడం ఎంతమాత్రం తగదు. ఇక మద్యం సీసాల ముక్కలు కాళ్లకు గుచ్చుకునేది తెల్లవారుజామున వలలు తీయడానికి ఒట్టి కాళ్లతో నీళ్లలోకి దిగే మత్స్యకారులకు, మేకలు కాసే పిల్లలకు.

అడవిలో పూడ్చడం మరో రకంగా చేటు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా టెంటు వేయడమే నేరం కాబట్టి ఆ మాట అటుంచుదాం. కానీ దాని అంచున ఉన్న ఊళ్లకూ, జాతర దారులకూ వెళ్లేవారు వేలల్లో ఉన్నారు. ఎలుగుబంటికి చూపు అంతంతమాత్రం గాని వాసన పట్టడంలో అది గట్టిది. పుట్ట లోపలి చెదలను బయటి నుంచే పసిగట్టి తవ్వుకొని తినే జంతువుకు, అడుగు లోతున పూడ్చిన కోడి ఎముకలు ఒక లెక్కలోవి కావు. అడవిపందులు ముట్టెతో నేలను పెళ్లగించి గుంటలోని సరుకంతా నాలుగు దిక్కులా చిమ్ముతాయి. దుప్పులు, కణుజులు ఉప్పు కోసం నేలను నాకే జీవాలు. చిప్స్ ప్యాకెట్టులో మిగిలిన ఉప్పూకారం కోసం కవరును కూడా నమిలి మింగుతాయి. మింగిన ప్లాస్టిక్ అరగదు, కడుపులో ఉండ కట్టి ఆకలిని చంపేస్తుంది. మనుషుల తిండికి ఒకసారి మరిగిన ఎలుగుబంటి మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది. అప్పటికి మనం మన ఇళ్లలో ఉంటాం, దానికి ఎదురుపడేది అటుగా తేనెకో గడ్డలకో వెళ్లే చెంచు కుటుంబం.

కాల్చడం ఇంకా ప్రమాదం. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల నేలంతా ఎండుటాకులే. ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని 27వ సెక్షన్ అభయారణ్యంలో చెత్త వేయకూడదని, 30వ సెక్షన్ అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. పోనీ, కాలిస్తే చెత్త నిజంగా పోతుందా? మర్నాడు చల్లారిన బూడిదను పుల్లతో కదిపి చూడండి. చిప్స్ ప్యాకెట్ల లోపలి వెండి పొర ముడుచుకొని గట్టి రేకులా మిగిలి ఉంటుంది, సీసా మూతలు కరిగి రాళ్లకు అతుక్కొని ఉంటాయి, అరటి తొక్కలు, తడి అన్నం పైపైన నల్లబడి అలాగే ఉంటాయి. తక్కువ మంట మీద ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి, వాటిని పీల్చేది ఆ పొయ్యి చుట్టూ కూర్చున్న మన పిల్లలే.

మరి ఏం చేయాలి? సగం పని బయలుదేరక ముందు ఇంట్లోనే అయిపోవాలి. బియ్యం, పప్పు, ఉప్పు, కారం, మసాలా కొలుచుకొని స్టీలు డబ్బాల్లో పోసుకుంటే కొట్టు కవర్లన్నీ ఇంటి దగ్గరే ఆగిపోతాయి. మొదటి పూటకు పులిహోరో సద్దో టిఫిన్ క్యారియర్‌లో కట్టుకుంటే బిర్యానీ డబ్బాల అవసరం ఉండదు. చిన్న నీళ్ల సీసాల పెట్టెకు బదులు 20 లీటర్ల క్యాను, స్టీలు గ్లాసులు తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమే కాబట్టి చాలామంది ఇప్పుడు కాగితం కప్పులు, విస్తర్లు కొంటున్నారు. పుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి అయితే మంచిదే. కానీ కాగితం కప్పుల లోపలా, అంగళ్లలో దొరికే కొన్ని రకాల విస్తర్లకూ పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, గోటితో గీకితే ఊడి వస్తుంది. అవి మట్టిలో కలవవు, వెనక్కి తేవలసినవే.

బస చేసిన చోట చెత్తను దాచడానికి మూత బిగుతుగా పడే ఖాళీ పెయింటు డబ్బాను మించినది నాకు తెలియదు. దాన్ని శుభ్రంగా కడిగి తడి చెత్తకు వాడుకోవాలి. ఎముకలు, తొక్కలు, మిగిలిన అన్నం నీళ్లు పిండి, పాత వార్తాపత్రికలో చుట్టి అందులో వేసి, పైన చల్లారిన బూడిద ఒక గుప్పెడు చల్లితే తడి పీల్చుకొని వాసన తగ్గుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లను మెతుకులు వడకట్టి, ఒడ్డుకు దూరంగా నేల మీద చిలకరించాలి. పొడి చెత్తకు గట్టి ఎరువుల సంచి సరిపోతుంది. ప్యాకెట్లను కాసిని నీళ్లతో తొలిచి, ఆరబెట్టి, సీసాలను నలిపి మూత బిగించి వేస్తే ఒక్క సంచిలో ఆశ్చర్యపోయేంత పడుతుంది. ప్యాకెట్టు చింపేటప్పుడు ఆ మూల ముక్క పూర్తిగా తెగకుండా చూడండి. ఒడ్డున ఏరడానికి అన్నిటికంటే కష్టమైనవి ఆ గోరంత ముక్కలూ సిగరెట్టు పీకలే. పీకలో దూదిలా కనిపించేది కూడా ప్లాస్టిక్ పోగే. గాజు సీసాలను అట్టపెట్టెలో నిలబెట్టాలి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్యాటరీలు, చిన్న గ్యాస్ డబ్బాలు విడిగా ఉండాలి. గ్యాస్ డబ్బా ఖాళీదే కదా అని నిప్పులో వేస్తే పేలుతుంది.

రాత్రికి ఇవన్నీ కారు డిక్కీలో పెట్టి తాళం వేయాలి. నడిచి వెళ్లినవారు డబ్బాను టెంట్లకు బాగా ఎడంగా, గాలి తమ వైపు నుంచి అటు వీచే దిక్కున, మూత మీద బరువైన రాయి పెట్టి ఉంచాలి. టెంటు లోపల మాత్రం తిండి గాని చెత్త గాని పెట్టుకోకూడదు. నల్ల కవరును చెట్టు కొమ్మకు తగిలించి నిద్రపోతే తెల్లారేసరికి కోతులు, కొండముచ్చులు దాన్ని వంద ముక్కలు చేస్తాయి.

మలవిసర్జన గురించి మాట్లాడడానికి అందరం మొహమాటపడతాం గాని, ఒడ్డున అన్నిటికంటే ముందు నీళ్లను పాడుచేసేది అదే. నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తీసి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. జలాశయం దగ్గరైతే 60 మీటర్లు కూడా చాలవు. నిండు మట్టం గుర్తు దాటి, నీరు ఏనాడూ రాని మెట్ట మీదికి వెళ్లాలి. వెట్ వైప్స్ ఆ గుంటలో వేయకూడదు, వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ పోగులు ఉంటాయి.

వెనక్కి తెచ్చేటప్పుడు దారిలో తగిలే మొదటి తండా దగ్గరో, రోడ్డు పక్క హోటల్ వెనుకో సంచులు దించి రావడం సరికాదు. ఆ చిన్న పంచాయతీకి ఉన్నది ఒక ట్రాక్టరు, ఇద్దరు ముగ్గురు కార్మికులు. వారి ఊరి చెత్తకే అది చాలదు. మన ఊరు చేరాక మున్సిపాలిటీ బండికి తడి, పొడి వేరుగా ఇవ్వాలి. సీసాలను పాత సామాన్ల దుకాణంవారు తీసుకుంటారు.

ఇది టెంట్లు వేసేవారికే పరిమితమైన విషయం కాదు. చైత్ర పౌర్ణమికి ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ నల్లమలలోని సలేశ్వరం లోయలోకి దిగే భక్తులూ, శివరాత్రికి నల్లమల మీదుగా శ్రీశైలం నడిచే స్వాములూ దారిలో నీళ్ల ప్యాకెట్లు, అన్నదానం ప్లేట్లు వదులుతున్నారు. వందమందికి మించి జనం చేరే కార్యక్రమం పెట్టేవారు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలిపి, చెత్తను వేరుచేసి అప్పగించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు. అన్నదాన శిబిరాలకు ఈ నియమాన్ని గుర్తు చేసే బాధ్యత అధికారులదీ, ఆలయ కమిటీలదీ.

ప్రభుత్వానికి నా విన్నపాలు రెండు. డబ్బు తీసుకొని టెంట్లు అద్దెకిచ్చేవారు, ఎంతమందిని తీసుకెళ్లారో ఆ లెక్కన చెత్తను పట్టణానికి చేర్చినట్టు రసీదు చూపిస్తేనే వారికి అనుమతి కొనసాగించాలి. రెండోది, తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసా మీద అదనంగా 10 రూపాయలు తీసుకొని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినప్పుడు ఆ డబ్బు వాపసు ఇస్తున్నారు. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ ప్రాంతాల దుకాణాల్లో ఇదే పద్ధతి పెట్టవచ్చు. శ్రీశైలం దారిలోని మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు దగ్గర, సాగర్ తీరానికి దిగే దారుల దగ్గర నీళ్ల సీసాలకు కూడా వర్తింపజేయవచ్చు. పది రూపాయలు పోతాయంటే తెచ్చేవారు తెస్తారు, తేనివారు పడేసినవాటిని ఏరి తెచ్చుకునే పేద పిల్లల తల్లులకు ఆ డబ్బు అందుతుంది. వసూలు చేసేందుకు, వాపసు ఇచ్చేందుకు స్థానిక మహిళా సంఘాలను పెడితే కొత్త సిబ్బంది అవసరం కూడా ఉండదు.

వేసవి సెలవులకు ముందే ఈ లేఖను ప్రచురించగలరని కోరుతూ,

భవదీయుడు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.