దుంపకు వరి లెక్క పనికిరాదు

సంపాదకుల వారికి,

మాది పెద్దాపురం మెట్ట. ఎర్రనేలల్లో కర్రపెండలం వేస్తాం, దుంప సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది. ఈసారి మా చుట్టుపక్కల చాలా చేలు మనిషెత్తు దాటాయి. ఆకు నల్లగా నిగనిగలాడింది. తవ్వితే సన్నటి దుంపలు బయటపడ్డాయి. పైగా పిండి శాతం తక్కువుందని మిల్లులో పుట్టికి ధర తగ్గించారు.

యూరియా ఎక్కువైతే బలమంతా ఆకుకీ కర్రకీ పోతుంది. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగి పిండిగా మారాలంటే పొటాష్ ఉండాలి. ఎరువు సలహా అడిగితే మాకు వరి లెక్కే, అంటే యూరియా ఎక్కువ, పొటాష్ తక్కువ అనే చెబుతున్నారు, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. వరిలో పొటాష్ ఎక్కువ భాగం గడ్డిలో ఉంటుంది, ధాన్యంతో పోయేది కొద్దిగానే. కర్రపెండలంలో మనం లారీకెత్తే దుంపతోనే అది పొలం దాటిపోతుంది. ఏటా అదే చేలో అదే పంట వేస్తుంటే ఆ లోటు ఎక్కడి నుంచి పూడుతుంది? మా పెద్దవాళ్లు పొయ్యి బూడిదను పెంటలో కలిపి చేలకు తోలేవారు. ఆ బూడిదలో ఉన్నది పొటాషే. ఇప్పుడు బూడిదా లేదు, పెంటా లేదు.

తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ సిఫార్సు చూడండి: హెక్టారుకు నత్రజని (యూరియాతో అందేది) 100 కిలోలు, భాస్వరం 50, పొటాష్ 100. అంటే ఎకరాకు నత్రజని 40 కిలోలైతే పొటాషూ 40 కిలోలే. ఈ రెంటిలో సగం నాటేటప్పుడు, మిగతా సగం నెలన్నర, రెండు నెలలకు కలుపు తీసి మన్ను ఎగదోసేటప్పుడు వేయాలి.

మరి ధరలో? 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల పొటాష్ బస్తాకు వెయ్యిన్నర పైనే పెట్టాలి. 2010లో ఎరువులోని పోషకాల బరువును బట్టి రాయితీ ఇచ్చే పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు, అందుకే దాని ధర తక్కువగానే నిలిచింది. పొటాష్ దాదాపు అంతా దిగుమతే. అప్పు తెచ్చి సాగుచేసే కౌలు రైతు యూరియా బస్తాయే ఎత్తుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేను.

2015 నుంచి భూసార కార్డుల పథకం ఉంది. దుంప తవ్వాక వేసవిలోనే మట్టి తీసి, నాట్లకు ముందే ఫలితం మా చేతికివ్వాలి. కర్రపెండలానికి ఎకరాకు ఏ ఎరువు ఎన్ని బస్తాలో రైతు సేవా కేంద్రాల్లో బోర్డు మీద రాయాలి. దుంప రైతులకు పొటాష్ మీద విడిగా రాయితీ ఇవ్వాలి. వ్యవసాయ, ఉద్యాన అధికారులు వచ్చే నాట్లలోపు ఇవి చేయాలని కోరుతున్నాను.

— ఒక కర్రపెండలం రైతు, పెద్దాపురం మండలం, కాకినాడ జిల్లా