పేరులోనే చావును మోసే జెల్లీ ఫిష్

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. 'కైరోనెక్స్ ఫ్లెకెరి' అనే జెల్లీ ఫిష్ పేరుకు నోరు తిరగడం లేదని, దానిని పెట్టిన మహానుభావుడు ఎవరో చెప్పమని వ్రాశావు. ఆయన రోనాల్డ్ సౌత్‌కాట్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన వైద్యుడు. పేరును విడదీసి చూస్తే నోరూ తిరుగుతుంది, ఒళ్ళూ జలదరిస్తుంది: 'కైరోనెక్స్'లో మొదటి ముక్క 'కైరో' అంటే గ్రీకులో చెయ్యి, రెండవది 'నెక్స్' అంటే లాటిన్‌లో హత్య.

1955 జనవరిలో క్వీన్స్‌లాండ్‌లోని కార్డ్‌వెల్ తీరాన, సముద్రంలోకి దిగిన అయిదేళ్ళ పిల్లవాడు కుట్టబడి చనిపోయాడు. అంతకుముందు ఇటువంటి మరణాల నింద తరచుగా 'పోర్చుగీసు యుద్ధనౌక' అనే నీలి జీవి మీద పడేది. నిజానికి అది జెల్లీ ఫిష్ కానే కాదు, ఒకే దేహంలా కలిసి బతికే చిన్న జీవుల సమూహం. కెయిర్న్స్‌లో ఎక్స్‌రే వైద్యుడైన హ్యూగో ఫ్లెకర్, ఆ పిల్లవాడు చనిపోయిన చోటనే వలలు వేయమని పోలీసులకు సూచించాడు. చిక్కినవాటిలో ఒకటి పెట్టె ఆకారంలో ఉండి, నాలుగు మూలల నుంచీ స్పర్శకాలు, అంటే కుట్టే తీగలు, గుత్తులుగా వేలాడుతూ, తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. దానిని సౌత్‌కాట్‌కు పంపితే, ఆయన 1956లో కొత్త జాతిగానే కాక కొత్త ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) కూడా వర్ణించి, రెండవ పదంలో ఫ్లెకర్‌ను నిలిపాడు.

పేరులోని 'చెయ్యి' గుట్టంతా ఆ మూలల్లోనే ఉంది. ఒక్కో మూలన గుజ్జుతో చేసిన అరచెయ్యి వంటి భాగం ఉంటుంది. దానికి వేళ్ళు, ఆ వేళ్ళ నుంచి పదిహేను దాకా స్పర్శకాలు, సాగితే మూడు మీటర్ల వరకు. పెట్టె ఆకారపు జెల్లీ ఫిష్‌ల వర్గీకరణలో, మూలకు ఒకే స్పర్శకం ఉంటే చాలావరకు ఒక క్రమం (పెద్ద గుంపు), ఇలా గుత్తి ఉంటే మరో క్రమం. గొడుగు ఆకారపు జెల్లీ ఫిష్‌లతో కలిపి ఉంచిన ఈ పెట్టె జాతులన్నిటికీ 1970వ దశకంలో గాని ప్రత్యేక విభాగం దక్కలేదు.

మూలకు ఒకే స్పర్శకం ఉన్నదానికి కూడా కథ ఉంది. కెయిర్న్స్ వైపు తీరపు ఆదివాసులైన ఇరుకాంజీ ప్రజల పేరును ఫ్లెకర్ 1952లో ఒక అంతుపట్టని జబ్బుకు పెట్టాడు. దాని కారణం వెతుకుతూ 1961లో జాక్ బార్న్స్ అనే వైద్యుడు, బొటనవేలి గోరంత జెల్లీ ఫిష్‌ను పట్టి, తనకూ, తన తొమ్మిదేళ్ళ కొడుకుకూ, ఒక తీరరక్షకుడికీ కుట్టించి చూశాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. కన్నకొడుకుపై ప్రయోగం చేసిన ఆ తండ్రిని మెచ్చుకోవడానికి నాకు మనసు రాదు. 1967లో సౌత్‌కాట్ దానికి 'కారుకియా బార్నెసి' అని పేరు పెట్టాడు.

కైరోనెక్స్ ప్రజాతి ఆస్ట్రేలియాతో ఆగలేదు. జపాన్‌లోని ఒకినావా తీరపు బంధువును శాస్త్రజ్ఞులు చాలాకాలం, జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు హెకెల్ 1880లో రంగూన్ నమూనాకు పెట్టిన పేరుతో పిలిచారు. 2009లో పొరపాటు దిద్ది 'కైరోనెక్స్ యమగుచీ' అన్నారు. అక్కడివారికి మాత్రం అది అప్పుడూ ఇప్పుడూ 'హబు కురాగే'. హబు అంటే అక్కడి విషసర్పం, కురాగే అంటే జెల్లీ ఫిష్.

ఇట్లు,
నీ మిత్రుడు