మామిడి తొక్క దగ్గరే ఆగిపోతున్న పరిశోధన

సంపాదకులకు,

ప్రపంచ ఆవిష్కరణల సూచీలో 2015లో 81వ స్థానంలో ఉన్న మన దేశం 2025కి 38కి చేరింది. సంతోషించాల్సిందే. కానీ పరిశోధనకు మనం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. దక్షిణ కొరియాలో అది 5 శాతానికి దగ్గర, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా కంపెనీలు పెట్టేదే. మన దగ్గర సగానికి పైగా ప్రభుత్వ సొమ్మే. ఈ తేడా ఎలా ఉంటుందో చూడాలంటే జూన్, జూలై నెలల్లో చిత్తూరు జిల్లాలోని ఏ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక్కి వెళ్లినా చాలు.

టన్ను తోతాపురి ఆడిస్తే వచ్చే గుజ్జు సగం, మహా అయితే సగానికి కొంచెం ఎక్కువ. మిగిలింది తొక్క, టెంక, పీచు. వాటిని ట్రాక్టర్లకెత్తి పారబోస్తున్నారు, దానికీ బాడుగ కట్టాలి. ఆ తొక్కలో జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఉంది. టెంకలోని జీడిలో, ఎండిన బరువు మీద 7 నుంచి 12 శాతం కొవ్వు ఉంది. చాక్లెట్‌లో కోకో బటర్‌కు తోడుగా 5 శాతం దాకా కలపడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న ఆరు కొవ్వుల్లో ఇదొకటి. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీకి అమ్ముకోను గుజ్జు ఒక్కటే ఉన్నంత కాలం, గుజ్జు నిల్వలు కదలకపోతే ఆ దెబ్బ రైతుకు తగలకుండా ఉండదు.

తొక్క నుంచి పెక్టిన్ తీయడం కొత్త విద్య కాదు. బీకరులో ఎవరైనా తీస్తారు. ఫ్యాక్టరీలో ఎందుకు పనికిరావడం లేదన్నదే అసలు ప్రశ్న. మొదటి దెబ్బ తొక్క కుప్పలోనే పడుతుంది. జూన్ ఎండకు తడి తొక్క కొన్ని గంటల్లోనే పులుస్తుంది. తొక్కలోని ఎంజైములు పెక్టిన్ గొలుసులను తెంపేస్తాయి. తర్వాత ఎంత జాగ్రత్తగా తీసినా అది గడ్డకట్టదు. అందుకే యంత్రం నుంచి రాలిన వెంటనే కొన్ని నిమిషాలు ఆవిరి పట్టి ఎంజైములను చంపాలి, చక్కెర పోయేలా కడగాలి, పిండాలి, 60 డిగ్రీలు దాటని వేడిలో తేమ 10 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. చక్కెర సరిగా కడగకపోతే ఆరేటప్పుడు తొక్క నల్లబడుతుంది, పెక్టిన్‌కూ ఆ రంగు అంటుతుంది. బాగా ఆరిన తొక్కను బస్తాలకెత్తి పెట్టుకుంటే, రెండు నెలల సీజన్ సరుకుతో ఏడాది పొడవునా పని నడుస్తుంది. లాభమంతా ఈ ఒక్క మెట్టు మీదే ఆధారపడి ఉంది.

రెండో దెబ్బ ఆల్కహాల్. వేడి ఆమ్ల జలంలో తీసిన ద్రావణంలో పెక్టిన్ ఒక శాతమే ఉందనుకుందాం. కిలో పెక్టిన్‌కు 100 లీటర్ల ద్రావణం, అందులోంచి పెక్టిన్‌ను విరగ్గొట్టి వేరుచేయను కనీసం మరో 100 లీటర్ల ఆల్కహాల్. ఆ ఆల్కహాల్‌ను తిరిగి రాబట్టే స్వేదనంలో 5 శాతం పోయినా కిలోకు 5 లీటర్లు గాలికి పోయినట్టే. ప్రయోగశాలలో ఈ లెక్క ఎవరూ వేయరు. ద్రావణాన్ని ముందే చిక్కబరిస్తే ఆల్కహాల్ తగ్గుతుంది, ఆవిరి ఖర్చు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలో 500 లీటర్ల తొట్టిలో నడిపి చూస్తేనే తేలుతుంది. అప్పటికీ కొనేవాడు 150 గ్రేడ్ అడుగుతాడు, అంటే కిలో పెక్టిన్ 150 కిలోల చక్కెరను జెల్లీగా పట్టి ఉంచాలి. ఈ లాటు, వచ్చే లాటు ఒకేలా ఉండాలి. పురుగుమందు అవశేషాలు గుజ్జులో కన్నా తొక్కలోనే ఎక్కువ నిలుస్తాయి కాబట్టి, తోటలో పిచికారీ లెక్క కూడా కావాలి.

జీడి సంగతి ఇంతకన్నా తేలిక, కానీ తొందర ఎక్కువ. తడిగా ఉంచితే బూజు పట్టి, కొవ్వు విరిగి ఆమ్లత పెరుగుతుంది. శుద్ధి చేసేటప్పుడు నష్టమే మిగులుతుంది.

తిరుపతిలో ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. బంగారుపాళెం, దామలచెరువు మామిడి మార్కెట్లు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. మధ్యలో లేనిది పైలట్ ప్లాంటు, అంటే ప్రయోగశాల పనిని ఫ్యాక్టరీ తీరులో చిన్నగా నడిపి చూసే చోటు. దేనికైనా మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ దాకా, చిత్తూరు నుంచి 300 కిలోమీటర్లకు పైగా పోవాలి. తడి తొక్క అంత ప్రయాణం తట్టుకోదు. కేంద్రం 2025 జూలైలో ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, ఆవిష్కరణ నిధి ప్రయోగశాల దాటిన పనులకే. ఒంటరి గుజ్జు ఫ్యాక్టరీ దాన్ని అందుకోలేదు, నాలుగైదు కలిస్తే అడగొచ్చు.

విద్యార్థులకు ఒక మాట. పేటెంటుకు దరఖాస్తు చేయకముందే సదస్సులో పోస్టరు పెడితే, పేటెంటుకు కావాల్సిన కొత్తదనం పోయే ప్రమాదం ఉంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. వ్యక్తులకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలే. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది.

రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తిరుపతి కేంద్రం ఈ పైలట్ ప్లాంటును తన మొదటి పనుల్లో ఒకటిగా ఎత్తుకోవాలని కోరుతున్నాం. రోజుకు 2 టన్నుల తడి తొక్క చాలు, కడిగి ఆరబెడితే కొన్ని వందల కిలోలే అవుతుంది. డబ్బు సరిపోకపోతే పెక్టిన్ విభాగం మరుసటి ఏడాదికి వాయిదా వేయండి, ఆవిరి తొట్టి, డ్రయ్యరు మాత్రం ముందు పెట్టండి. వాటికి జనవరిలో టెండరు పిలిస్తేనే జూన్ కాయకు అందుతాయి.

— ఆహార శుద్ధి ఇంజనీర్లు, చిత్తూరు