ఆ కళ్లజోడు తీసి లోపలికి రమ్మనండి

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా అమ్మాయి సీమంతం ఇంట్లోనే చేశాం. అందరం ఆడవాళ్లమే. గాజులు తొడిగి, చలిమిడి పెట్టాక డెబ్బై ఏళ్ల మా మేనత్త కొంగు నడుముకు దోపి, పోయిన వాళ్ల అత్తగారు కోడళ్ల మీద ఎలా కేకలేసేదో చేసి చూపించింది. నవ్వలేక కడుపు పట్టుకున్నాం. వడ్డనకు సాయం వచ్చిన కుర్రాడొకడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చేతిలో ఫోన్ లేదు, కళ్లకు నల్ల ఫ్రేము జోడు ఉందంతే. మర్నాడు పక్కింటావిడ ఫోన్ తెచ్చి చూపిస్తే అందులో అత్తయ్య రీల్! కింద ముక్కూ మొహం తెలియనివాళ్ల వెకిలి కామెంట్లు. గట్టిగా అడిగితే తీసేశాడు. ఈలోపు ఎంతమంది దాచుకున్నారో ఎవరికి తెలుసు?

కెమెరా ఆ కుర్రాడి జోడులోనే ఉందన్నమాట. ఇలా ఫ్రేములో కెమెరా ఉండే రే-బాన్ మెటా కళ్లజోళ్లు 2025 మే నుంచి మన దేశంలో అమ్ముతున్నారు. అప్పట్లో ధర 29,900 రూపాయల నుంచి మొదలైంది. వీడియో తీస్తుంటే ఫ్రేము అంచున చిన్న తెల్ల లైటు వెలుగుతుంది. ఆ రోజు అది వెలిగిందేమో కూడా, మేం చూడలేదు. చూసినా దాని అర్థం మాలో ఎవరికి తెలుసు? దాన్ని వెలగకుండా చేసి ఇచ్చేవాళ్లు కూడా బయల్దేరారని వార్తల్లో చదివాను. 2024లో అమెరికాలో ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు ఇలాంటి జోడును ముఖాలు వెతికే వెబ్‌సైట్‌కు కలిపి, దారినపోయే మనుషుల పేర్లు, అడ్రస్‌లు రాబట్టి చూపించారు. ప్రమాదం చెప్పడానికే చేశామన్నారు. నాకైతే అది చదివాక ఆడపిల్లల గురించే టెన్షన్ పట్టుకుంది.

చూపు లేనివారికి ఈ జోడు అక్షరాలు చదివి వినిపిస్తుంది. వాళ్ల దగ్గర్నుంచి లాక్కోమని నేననను.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మా అత్తయ్య ఏ సెక్షన్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాలి? ఐటీ చట్టంలోని 66ఇ శరీరంలోని రహస్య భాగాల చిత్రాల గురించి మాత్రమే చెబుతుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకునేవాళ్ల జోలికి పోదు. నిండా చీర కట్టుకుని తనవాళ్ల మధ్య నవ్వుకున్న మనిషికి వీటిలో చోటు ఎక్కడ?

జపాన్‌లో అమ్మే ఫోన్లతో ఫొటో తీస్తే చప్పుడు వస్తుంది. ఈ జోళ్లకు కూడా ఆపడానికి వీల్లేని చప్పుడు పెట్టాలని కేంద్రం నిబంధన తేవాలి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు రానివ్వరు కదా. 2025 జనవరిలో అయోధ్య గుడిలో కెమెరా జోడుతో వచ్చిన భక్తుణ్ణి భద్రతా సిబ్బంది పట్టుకున్నారు కూడా. ఫంక్షన్ హాళ్లు, లేడీస్ హాస్టళ్లు, బ్యూటీ పార్లర్లు, ఆసుపత్రుల గుమ్మాల దగ్గరా ఇలాంటి జోళ్లు తీసి లోపలికి రావాలని తెలుగులో బోర్డు పెట్టించమని మున్సిపల్ అధికారులను కోరుతున్నాను.

వచ్చే నెల బారసాల. పిలవడానికి వెళ్తే అత్తయ్య అడిగిన మొదటి మాట, “ఆ అబ్బాయి వస్తాడా?” అని.

- ఒక పాఠకురాలు, తెనాలి